పక్కవాడి అట్ట మీద పడిన నా పది

ముందే ఒప్పేసుకుంటాను. పోటీలో నేను కొట్టిన మొట్టమొదటి పది, అంటే టార్గెట్ అట్ట నట్టనడుమ పడిన తూటా, నా అట్ట మీద పడలేదు. పక్కాయన అట్ట మీద పడింది. అది చాలనట్టు, నా అట్టలో కొత్త చిల్లు కనబడకపోయేసరికి చెయ్యెత్తి, "సార్, నా పిస్తోలులోంచి తూటా బయటికి రాలేదండీ" అని కాల్పుల రేంజి అంతా వినేట్టు చెప్పాను. మా కోచ్ సుబేదారుగారు వచ్చి, పిస్తోలు తీసుకుని తెరిచి చూసి, తాపీగా అన్నారు:

"వచ్చిందోయ్. వచ్చి పక్కింటికి వెళ్ళింది."

అలాంటివాణ్ణి ఆ తరవాత అదే రేంజికి ఇన్‌చార్జిగా పెట్టుకుని, ముప్పయ్యేళ్ళు కొత్తవాళ్ళకి గురి నేర్పించుకున్నారు. గురి తప్పినవాణ్ణి గురువుని చేశారన్నమాట. రిటైరయ్యాక కూడా ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే పిల్లలు వచ్చి, "ఇందులో ఏం తెలిసుండాలండీ?" అని అడుగుతున్నారు. రిజిస్టర్లు ఎలా రాయాలో, లైసెన్సు కాగితాలు ఏ బీరువాలో ఉంటాయో ఆఫీసులో చెబుతారు. నేను చెప్పగలిగింది ఆ ఒక్క పది సంగతే. నాకు వచ్చిన కాస్త విద్యా ఆ చిల్లులోంచే వచ్చింది.

అచ్చు వేసిన పాపం

డెబ్బైల మొదట్లో నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరుని. శుభలేఖలు, ఎరువుల కొట్ల బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. ఒకరోజు ఒక పెద్దమనిషి వచ్చి, గట్టి అట్ట మీద ఒకదానిలో ఒకటి పది వలయాలు, నడుమ నల్లటి ముద్ద, ఇలాంటివి ఐదొందలు కావాలన్నాడు.

"ఇవి దేనికండీ?"

"కాల్చడానికి."

"ఇంత కష్టపడి అచ్చేసింది కాల్చేస్తారా!"

"మంటెట్టి కాదయ్యా. తుపాకీతో."

ఆ వారమంతా నాకు అదే ధ్యాస. ఒక అట్టకీ ఇంకో అట్టకీ వెంట్రుకవాసి తేడా రాకూడదని నలుపు ఆరిందాకా ఊదుతూ కూర్చున్నాను. అన్ని ముద్దలూ ఒక్కలాగే రావాలని నేను పడిన శ్రద్ధ చూసి మా ఓనరు కూడా ఆశ్చర్యపోయాడు. ఆ శ్రద్ధే తరవాత నా కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్నే కట్ట భుజాన వేసుకుని మైలవరం బస్సెక్కాను. కండక్టరు దింపిన చోటునుంచి మైలు దూరం నడిస్తే కొండ వాలు. ఆ కొండ కడుపుకి ఎదురుగా తాటాకు పందిరి, పందిరి కింద పది బల్లలు, ఇరవైఅయిదు మీటర్ల అవతల పది చట్రాలు. అంతే రేంజి. నేను తెచ్చిన అట్టల్ని ఆ చట్రాలకి తగిలించి, మనుషులు ఒంటిచేత్తో పిస్తోలు చాపి, ఊపిరి బిగబట్టి, బొమ్మల్లా నిలబడ్డారు. ఒక్కో తూటాకి నిమిషం పైన. సినిమాల్లో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. ఇంత నిదానంగా చేసే పనికి ఇంత చప్పుడెందుకా అని నాకు తగని ఆసక్తి పుట్టింది. కట్ట ఇచ్చేసి కూడా కదల్లేదు.

తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగని ఒకాయన నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఆయనే సుబేదారు దేవసహాయంగారు. గుడివాడ వైపు మనిషి. మిలిటరీలో రిటైరై, ఆ రేంజి నడిపే క్లబ్బులో కోచ్‌గా చేరారు. ఆదివారం తొలి ఆరాధన ముగించుకుని చర్చి నుంచి నేరుగా రేంజికి వచ్చేవారు.

"కాలుస్తావా?"

"బీడీ కూడా కాల్చనండీ."

"మంచిది. ఊపిరి నిలుస్తుంది."

నా ప్రవేశ పరీక్ష అంతే. పోలీసు విచారణా, సంతకాలూ అయ్యేసరికి మాత్రం మూడు నెలలు పట్టింది.

ముల్లు చూడు

కొత్తవాళ్ళ కోసం క్లబ్బుకి రెండే పిస్తోళ్ళు. క్యూలో పదిమంది. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. పిస్తోలు నీ పేర ఒక ఏడాది. ఏడాది చివర క్లబ్బు పోటీలో మూడు అట్టలు, అట్టకి పది తూటాలు, మొత్తం మూడొందలు. అందులో రెండొందల నలభై తెచ్చుకుంటే పిస్తోలు నీ దగ్గరే ఉంటుంది. రాకపోతే తరవాతివాడికి. సొంత పిస్తోలు కొనే స్తోమతు కంపోజిటరుకి ఎక్కడిది? కాబట్టి నాకు ఆ రెండొందల నలభై ఒక్కటే దారి.

సుబేదారుగారి చదువులో మొదటి నెల తూటా లేదు. ఖాళీ పిస్తోలు గొట్టం మీద అయిదు పైసల అల్యూమినియం బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. "లాగకు. నిమ్మకాయ పిండినట్టు నొక్కు. ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు." చెయ్యి వణకకుండా ఇంట్లో పొద్దున్నే ఇస్త్రీపెట్టె పట్టుకుని చెయ్యి చాపి నిలబడేవాణ్ణి. మా ఆవిడ రెండు వారాలు చూసి, "ఎలాగూ పట్టుకున్నారు, అందులో నాలుగు బొగ్గులేసి ఆ చొక్కా ఏదో రుద్దకూడదూ?" అంది.

రెండో పాఠం ముల్లు. గొట్టం చివర గోరంత ఇనప ముక్క ఉంటుంది. గురి చూసే కొమ్ము అది. సుబేదారుగారు దాన్ని ముల్లు అనేవారు. మనిషి కన్ను ఒకేసారి దగ్గరిదీ దూరందీ స్పష్టంగా చూడలేదు. పిస్తోలులో స్పష్టంగా కనబడాల్సింది ముల్లు. అవతల నల్లముద్ద మసకబారినా పరవాలేదు. "ముల్లు చూడు, ముద్ద చూడకు" అని రోజుకి వందసార్లు అరిచేవారు. కొత్తవాళ్ళందరూ ముద్దనే చూస్తారు. నేను మాత్రం చెప్పింది చెప్పినట్టు వినే రకం. నా తప్పు అదే.

మూడోది అన్నిటికంటే విచిత్రం. తూటా పేలగానే దుర్భిణిలో చూడకూడదు. చూడకముందే ఎక్కడ పడిందో నోట్‌బుక్‌లో రాయాలి. పేలిన క్షణాన ముల్లు ఎటు ఉందో నిజాయితీగా గుర్తు తెచ్చుకుంటే, తూటా ఎక్కడుందో చూడకుండానే తెలుస్తుంది. మాతో ఒక బ్యాంకాయన ఉండేవాడు. ప్రతి తూటాకీ పది అనే రాసేవాడు. సుబేదారుగారు ఆ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టి, "తమరు పంచాంగం రాసుకోండి, ఇది వద్దు" అన్నారు. ఆయన మళ్ళీ రాలేదు.

సుబేదారుగారిని పొగడాలని నాకు లేదు. ఏళ్ళ తరబడి పక్కన ఉన్నాను, ఒక్కసారి 'బాగుంది' అన్న పాపాన పోలేదు. మిలిటరీ కేకలకి బెదిరి మంచి చెయ్యి ఉన్నవాళ్ళు నలుగురైదుగురు మానేశారు. అది ఆయన తప్పే. మీరు అలా అరవకండి. కానీ ఆ నోట్‌బుక్ అలవాటు మాత్రం వదలకండి.

పదకొండు చిల్లులు

మొదటి ఏడాది పోటీ. నాది ఏడో చట్రం. ఎనిమిదో చట్రం లాయరు చలమయ్యగారిది. ఏడాది ఏడాదీ కప్పు కొట్టే మనిషి. తెల్ల ప్యాంటు, మెడలో మంగళగిరి తువ్వాలు, ప్రతి తూటాకీ ఒకసారి అరచెయ్యి తుడుచుకుని తువ్వాలు దులిపేవారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది.

మూడో అట్టలో ఆరో తూటాకి చెయ్యి లాగితే దించి, కాస్సేపు ఆగి, మళ్ళీ ఎత్తాను. ముల్లు మీదే చూపు. అంత స్పష్టంగా ముల్లుని నేను ఎన్నడూ చూడలేదు, దాని మీద గీత కూడా కనబడింది. అవతల ఒక నల్లముద్ద మసగ్గా వచ్చి ముల్లు మీద కూర్చుంది. అది ఎవరి ముద్దో నాకేం తెలుసు? అన్నీ ఒక్కలాగే ఉండేట్టు అచ్చేసింది నేనే కదా! ఎప్పుడు పేలిందో నాకే తెలియకుండా పేలింది. నోట్‌బుక్‌లో రాశాను: పది. దుర్భిణిలో చూశాను. నా అట్ట మీద ఏమీ లేదు. తరవాత చెయ్యెత్తడం, సుబేదారుగారు రావడం మీకు తెలిసిందే.

రూలు ఇది. పక్కవాడి అట్ట కాల్చినవాడికి ఆ తూటాకి సున్నా. ఆ పక్క అట్ట మీద పదకొండు చిల్లులుండి, ఏది ఎవరిదో తేలకపోతే, అన్నిట్లోకీ తక్కువది పక్కనపెట్టి మిగిలిన పదీ సొంతదారుకే ఇస్తారు. తప్పు చెయ్యనివాడు నష్టపోకూడదని ఆ రూలు. చలమయ్యగారి అట్టలో తక్కువది ఏడు. అది ఎగిరిపోయింది, నా పది చేరింది. మూడు పాయింట్లు కలిశాయి. ఆయన కప్పు గెలిచింది రెండు పాయింట్ల తేడాతో.

నాకు వచ్చింది రెండొందల ముప్ఫైరెండు. ఆ పది నాదైతే రెండొందల నలభైరెండు.

నోట్‌బుక్ తీసుకెళ్ళి సుబేదారుగారికి చూపించాను. ఆయన చదివి, "నువ్వు రాసింది నిజం. నాకు తెలుసు. కానీ లెక్కలోకి వచ్చేది చిల్లు, పుస్తకం కాదు" అన్నారు.

చలమయ్యగారు తువ్వాలు దులిపి, "సాక్షి లేని కేసు నేనే పట్టను, నువ్వెందుకు పట్టావోయ్?" అన్నారు. అందరూ నవ్వారు. రెండో స్థానంలో మిగిలిపోయిన మైలవరం పశువుల డాక్టరుగారు ఒక్కరే నవ్వలేదు. "బాబూ, పదేమో నీది, కప్పేమో ఆయనది, ఏడుపు మాత్రం నాదయ్యా" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఆ రోజునుంచి క్లబ్బులో నా పేరు పక్కింటబ్బాయి.

శిక్ష

పిస్తోలు వెనక్కి ఇచ్చేశాను. సుబేదారుగారు మాత్రం ఒక మెలిక పెట్టారు. "ఇంకో ఏడాది చూస్తాను. అందరి కాల్పూ అయ్యాక మిగిలిన వేళలో కాల్చుకో. వచ్చే పోటీలో రెండొందల నలభై రాకపోతే నువ్వు నీ ప్రెస్సుకి, నేను నా పనికి. ఇంతలో ఇక్కడి ఆచారం ప్రకారం పని చెయ్యాలి."

ఆ ఆచారం మా క్లబ్బులోనే చూశాను. పక్క అట్ట కాల్చినవాడు మళ్ళీ పోటీ వచ్చేదాకా ఆ పక్కవాడికి అట్టలు మార్చాలి. పాత చిల్లులకి మైదా ముద్దతో కాగితం ముక్కలు అతికించాలి. ఆయన వెనక నిలబడి దుర్భిణిలో చూసి, ఒక్కో తూటా ఎక్కడ పడిందో చెప్పాలి. అంటే ప్రతి ఆదివారం చలమయ్యగారికి నేను సేవకుణ్ణి. అన్యాయమైన ఆచారం. నేను ఇన్‌చార్జి అయిన మొదటి నెలలోనే తీసేశాను.

"రావోయ్ పక్కింటబ్బాయ్! ఇవాళైనా మన ఇల్లు గుర్తుపడతావా?" అని మొదలయ్యేది పొద్దున.

రెండు ఆదివారాలు మొహం మాడ్చుకుని చేశాను. మూడో ఆదివారం అతికిస్తూ ఉంటే ఒకటి కనిపించింది. అట్ట నడుమ చిల్లులన్నీ ద్రాక్షగుత్తిలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం విడిగా, కిందికి ఎడమకి, గడియారంలో ఏడు అంకె ఉండే చోట. తరవాతి అట్టలోనూ అంతే. కంపోజిటరు కన్ను కదా, పేజీ నిండా మంచి అక్షరాలుంటే వాటిని చూడదు, వంకరగా కూర్చున్న ఒక్క అక్షరం దగ్గరికి వెళ్ళి ఆగుతుంది.

ఎన్నో తూటా అది? వరస రాసుకోవడం మొదలుపెట్టాను. పదోది. అట్ట మారినా, ఎండ మారినా, వారం మారినా, పదోదే. ఎందుకు? నాకు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. చెయ్యి చూశాను, ఏమీ లేదు. మణికట్టు చూశాను, ఏమీ లేదు. భుజం, మెడ, ఊపిరి. మూడు నెలలు ఆయన ఒళ్ళంతా చదివాను, కాళ్ళు తప్ప. ఒకరోజు మైదా ముద్ద కింద పడితే తీద్దామని వంగాను. సరిగ్గా అప్పుడే పదో తూటా. ఆయన ఎడమ చెప్పులోంచి మడమ లేచింది. అంగుళం కూడా కాదు.

అర్థమైంది. పదో తూటాతో అట్ట అయిపోతుంది. అట్ట ఎలా వచ్చిందో చూసుకోవాలన్న ఆత్రం. తూటా ఇంకా గొట్టంలో ఉండగానే మనిషి చట్రం వైపు బయల్దేరుతున్నాడు.

పిల్లలూ, మీ ఉద్యోగం అసలు ఇదీ. తుపాకులకి నూనె రాయడం కాదు. అట్ట మీద చిల్లు చూసి అవతలి మనిషిలో ఏం జరిగిందో చదవడం. చిల్లు మనిషి లోపలినుంచి వస్తుంది. కిందికి పోయిందంటే తొందర, పైకి పోయిందంటే భయం, అట్టంతా చెల్లాచెదురైతే పొద్దున్న ఇంట్లో గొడవ. నేను చదివినంత మటుకు అంతే.

పరుగెత్తుకెళ్ళి సుబేదారుగారికి చెప్పాను. ఆయన నా పుస్తకం రెండుసార్లు తిరగేశారు. "నాకు కనబడలేదు" అన్నారు. ఆయన నోట నేను విన్న మెప్పు అదొక్కటే. "వెళ్ళి ఆయనకి చెప్పు. మామూలు రోజున చెప్పు. పోటీ రోజున మాత్రం ఎవరికీ ఏ తప్పూ చెప్పకూడదు. చెప్పావా, ఆ మనిషి గురి మానేసి ఆ తప్పునే చూసుకుంటూ నిలబడతాడు. సైన్యంలో అలా మంచివాళ్ళని పాడుచేసిన ఆఫీసర్లని చూశాను."

వెళ్ళాను. మంచి మనసుతోనే వెళ్ళాను, ఈ మాట నమ్మండి.

"తమరితో ఒక మాటండీ. పదో తూటాకి..."

"నువ్వు అట్టలు మార్చవోయ్. పక్కింటివాళ్ళ సలహాలు నాకెందుకు?"

తరవాతి వారం ఇంకోసారి వెళ్ళాను. ఈసారి చెయ్యి అడ్డంగా ఊపారు. మూడోసారి వెళ్ళలేదు.

రెండో పోటీ

చీట్లు తీశారు. మళ్ళీ నాది ఏడు, ఆయనది ఎనిమిది. సుబేదారుగారు నా చట్రం మీద ఏడు అంకె మూరెడు పొడుగున ఎర్రరంగుతో రాయించారు.

రెండు అట్టలు అయ్యేసరికి నాకు నూటఅరవైమూడు. మూడో అట్టలో డెబ్బైఏడు రావాలి. వస్తే పిస్తోలు, రాకపోతే ప్రెస్సు. చలమయ్యగారు అందరికంటే ముందున్నారు, డాక్టరుగారు నాలుగు పాయింట్లు వెనక. మజ్జిగ తాగడానికి పది నిమిషాలు ఆపారు.

చలమయ్యగారు మజ్జిగ గ్లాసు పట్టుకుని, నలుగురి మధ్యనుంచి కేకేశారు. "ఏమోయ్ పక్కింటబ్బాయ్! ఏడాదంతా నా వెనకే నిలబడ్డావు. నా దగ్గర ఏం నేర్చుకున్నావో చెప్పు, వీళ్ళూ వింటారు."

అందరూ నా వైపు చూశారు. సుబేదారుగారు కూడా చూశారు. ఆయన కళ్ళు 'వద్దు' అంటున్నాయి. నాకు స్పష్టంగా కనిపించింది. ముల్లు కంటే స్పష్టంగా కనిపించింది.

"చాలా నేర్చుకున్నానండీ" అన్నాను, చేతులు కట్టుకుని. "ఒక్కటే అర్థం కాలేదండీ. పదో తూటా కాల్చేటప్పుడు తమరి ఎడమ మడమ పైకి లేస్తుంది కదండీ. అది కావాలనే లేపుతారా, దానంతటదే లేస్తుందా?"

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"నా మడమా?"

"అవునండీ. ఎడమదండీ. పదోదానికేనండీ. మిగతా తొమ్మిదికీ లేవదు."

ఈల పడింది. ఎవరి చోటుకి వాళ్ళం వెళ్ళాం.

అట్టకి పదిహేను నిమిషాలు. నా జీవితంలో అంత కష్టమైన పది తూటాలు లేవు. నా అట్ట వల్ల కాదు. ఎనిమిదో బల్ల దగ్గర ఏం జరుగుతోందో చూడాలని నా మెడ నరాలన్నీ అటే లాగుతున్నాయి. ఎర్రటి ఏడు చూసుకున్నాను, ముల్లు చూసుకున్నాను, నొక్కాను. మళ్ళీ ఏడు, మళ్ళీ ముల్లు. నా పదోది పేల్చి, పుస్తకంలో రాసి, పిస్తోలు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాకే అటు తిరిగాను.

చలమయ్యగారికి ఇంకొక్కటి మిగిలింది. చెయ్యి చాపారు. చాపి, కాలు చూసుకున్నారు. దించారు. ఎడమ మడమతో నేల గట్టిగా తొక్కారు. మళ్ళీ చాపారు. మళ్ళీ కాలు చూసుకున్నారు. చెప్పు విడిచేశారు. అరచెయ్యి తుడుచుకున్నారు, తువ్వాలు దులపడం మరిచిపోయారు. మళ్ళీ చాపారు. ఈసారి మడమ లేవలేదు. వేలు కూడా కదల్లేదు. ఆయన అలా చాపి ఉండగానే ఆఖరి ఈల పడింది. సుబేదారుగారు వెళ్ళి, పిస్తోలు తీసుకుని, పేలని తూటాని జాగ్రత్తగా బయటికి తీశారు.

కప్పు పశువుల డాక్టరుగారికి వెళ్ళింది. నాకు మూడో అట్టలో డెబ్బైతొమ్మిది. మొత్తం రెండొందల నలభైరెండు. కిందటేడు నాకు రావాల్సింది సరిగ్గా అంతే.

చలమయ్యగారు ఒక కాలికి చెప్పుతో, రెండోది చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. కోపంగా ఉంటారనుకున్నాను. ఆ మొహంలో ఏడాదంతా నాలో ఉన్న ఆసక్తే కనబడింది.

"నిజంగా లేస్తుందా?"

"అవునండీ."

"మరి ముందే చెప్పలేకపోయావా? ఇవాళే చెప్పాలా?"

"రెండుసార్లు వచ్చానండీ. ఇవాళ తమరే అడిగారు."

ఆయన పగలబడి నవ్వారు. తరవాతి ఆదివారం వచ్చి, "వెనక నిలబడవోయ్, మడమ చూడు" అన్నారు. పక్కింటబ్బాయ్ అనలేదు. ఆరు నెలల్లో ఆ మడమ నేలకి దిగింది. సుబేదారుగారు మానుకున్నప్పుడు ఆ చోట్లో నన్ను పెట్టమని కమిటీలో అడిగింది కూడా చలమయ్యగారే.

సుబేదారుగారు మాత్రం ఆ సాయంత్రం బస్సు స్టాపుదాకా నాతో నడిచి, "తప్పు చేశావు" అన్నారు. అవునన్నాను. తప్పే. మీరెవరూ చెయ్యకండి. ముప్పయ్యేళ్ళలో కొన్ని వందలమందికి వాళ్ళ తప్పులు చెప్పాను. పోటీ రోజున చెప్పింది ఆ ఒక్కరికే.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. నోట్‌బుక్ తీసి ఆ రోజు పేజీ చూసుకున్నాను. నా ముప్పై తూటాలకీ ముప్పై అంకెలు ఉన్నాయి. రెండో అట్టకీ మూడో అట్టకీ మధ్య, ఆ మడమ మాట అనేసి నా చోటుకి వెళ్తూ, ఈల పడకముందు, చలమయ్యగారింకా పిస్తోలు ఎత్తకముందు రాసుకున్న ముప్పై ఒకటో అంకె కూడా ఉంది: పది.